ఈ తుపానుకు ప్రమాద జెండా ఎగరదు

1999 అక్టోబర్ 17. 2013 అక్టోబర్ 12. 2018 అక్టోబర్ 11. ఒడిశాలోని గంజాం జిల్లా మరిచిపోలేని తేదీలివి. మొదటిది గోపాలపురం దగ్గర తీరం దాటి బరంపురాన్ని అతలాకుతలం చేసిన తుపాను. రెండోది ఫైలిన్. మూడోది తిత్లీ. ఈ మూడింటికీ ఉన్న ఒక పోలికను మాత్రం మనం పట్టించుకోలేదు. మూడూ దసరా నవరాత్రుల్లోనే వచ్చాయి. కొత్త బట్టలకూ, పిండివంటలకూ, చుట్టాల మర్యాదలకూ చేతిలో ఉన్నదంతా ఖర్చయి పెట్టె ఖాళీ అయ్యే రోజుల్లోనే ఇంటి పైకప్పు ఎగిరిపోయింది.

ఇప్పుడు ప్రమాదం అంతకన్నా పెద్దది. ఆనాడు పెట్టె ఖాళీగా ఉండేది. ఈనాడు చాలా ఇళ్లలో వచ్చే నెల కూలి కూడా ముందే అమ్ముడుపోతోంది. వారం కిస్తీ, గ్రూపు లోను, ఫోను మీద ఈఎంఐ, యాప్ అప్పు, పక్కింటి చేబదులు. ఒకదాన్ని తీర్చడానికి ఇంకొకటి. ఇంకా సంపాదించని డబ్బును ఖర్చుపెట్టే అలవాటు మన వీధుల్లో పాతుకుపోతోంది. దీనికి వాతావరణ శాఖ ప్రకటన ఇవ్వదు. గోపాలపురం రేవులో జెండా ఎగరదు. అందుకే ఈ హెచ్చరిక.

గోపాలపురం, ఆర్యపల్లి, సోనపురం తీరాల్లో ఉన్న మన తెలుగు మత్స్యకార కుటుంబాలనే తీసుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు వేటకు వెళ్లకూడదు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల రక్షణ కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా, 20 కిలోమీటర్ల మేర మరో నిషేధం ఉంది. మధ్యలో అల్పపీడనం పడితే పడవలు ఒడ్డునే. వేట ఆగే రోజులు ఇన్ని ఉన్నా, కిస్తీ ఆగే వారం ఒక్కటీ లేదు. వల నిండిన నెలలో ధైర్యంగా తెచ్చుకున్న అప్పు, వల ఎండిన నెలలో ఇంటి మీద పడుతుంది.

ఆస్కా, హింజిలి, పొలసర ప్రాంతాల నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాళ్ల సంగతీ ఇంతే. 12 గంటల షిఫ్టులు. నేసిన మీటర్ల లెక్కన కూలి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగాయి, కూలీ ఆగింది. మే నెలలో శ్రామిక్ రైళ్లలో మనవాళ్లు తిరిగొచ్చారు. రెండు నెలల బియ్యానికి సరిపడా దాచుకున్న ఇల్లు ఆ వేసవిని కష్టంగానైనా దాటింది. వాయిదాల మీద నడిచిన ఇల్లు ఆ వేసవిలో మరో అప్పు చేసింది. రెండు ఇళ్లవాళ్లూ చేసింది ఒకే పని, తెచ్చుకున్నది ఒకే కూలి. తేడా అంతా ఆ దాచిన కొంచెంలోనే ఉంది.

అప్పు అసలు ధర ఎంతో మనకు తెలియకుండా ఉండేలా మాటలు చెబుతారు. బజారులో చిన్న వ్యాపారులకిచ్చే రోజువారీ అప్పు చూడండి. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే మినహాయించి, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. 'వెయ్యే కదా వడ్డీ' అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నాం. తగ్గుతున్న అసలు మీద లెక్క వేస్తే ఆ వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది. నెలకు నూటికి ఐదు అంటే చిన్నదిగా వినిపిస్తుంది. అది ఏడాదికి 60 శాతం.

ఇంకో లెక్క. ఒక ఇంటికి నెలకు 15,000 వస్తాయనుకుందాం. మూడు గ్రూపుల్లో వారానికి 700 చొప్పున కిస్తీలు ఉన్నాయి. నాలుగు వారాలకు 8,400. సంపాదనలో సగానికి పైగా అప్పుకే పోయింది. మైక్రోఫైనాన్స్ అప్పులు తీసుకునే ఇంటి మొత్తం వాయిదాలు నెల ఆదాయంలో 50 శాతం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. మనలాంటి చోట ఆ సగం కూడా ఎక్కువే. రోజు కూలీకీ, వేటకూ నిలకడ లేదు కాబట్టి మంచి నెల ఆదాయంతో లెక్క కట్టకండి. వేట లేని నెల, పని దొరకని నెల ఎంత వస్తుందో దాంతో కట్టండి.

పొరుగున జరిగింది చూసైనా నేర్చుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రూపు అప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుని, వసూళ్ల వేధింపులు భరించలేక పల్లెల్లో ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. చట్టం వచ్చింది కానీ పోయినవాళ్లు రాలేదు. అప్పిచ్చినవాళ్ల తప్పు అక్కడ పెద్దది, నిజమే. ఆ తప్పుకు బలైనవి మాత్రం ముందుగా లెక్క చూసుకోని ఇళ్లు. మన ఇల్లు అలా కాకూడదు.

అప్పు ఎంత ప్రమాదమో, అత్యాశతో దాచడమూ అంతే ప్రమాదం. ఎక్కువ రాబడి ఆశ చూపి డిపాజిట్లు సేకరించిన కంపెనీలు ఒడిశాలో లక్షల మంది చిన్న మదుపరులను ముంచాయి. 2014 మే 9న సుప్రీంకోర్టు ఆ కేసులను సీబీఐకి అప్పగించింది. ఏళ్లు గడిచినా పోగొట్టుకున్నవాళ్ల చేతికి రూపాయి రావడం ఎంత కష్టమో ఈ జిల్లాకు తెలుసు. చీటీ వేసేముందు అది రిజిస్టరైందో లేదో అడగండి. తెలిసిన మనిషే నడుపుతున్నాడన్న నమ్మకం రశీదు కాదు.

ఇక మన పండుగలూ పెళ్లిళ్లూ. బరంపురంలో బుడి ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. దసరా, సంక్రాంతి ఏటా వస్తాయి. ఇవేవీ చెప్పకుండా రావు. యాత్రకు 24 నెలల ముందే తెలుసు. నెలకు 300 చొప్పున పక్కన పెడితే యాత్ర నాటికి 7,200. చుట్టాలకు భోజనం పెట్టడానికి అప్పు చేయక్కర్లేదు. మండపం, డీజే, డ్రోన్ కెమెరా పేరిట పెళ్లికి చేసే అప్పును ఆ కొత్త జంట ఏళ్లపాటు మోస్తుంది. పందిరి తీసిన మర్నాడు ఊరు మరిచిపోయే ఆడంబరానికి పిల్లల భవిష్యత్తును తాకట్టు పెట్టకండి. పెళ్లికూతురికి ఒక్క మంచి బరంపురం పట్టుచీర కొనండి. పది నాసిరకం చీరల కన్నా అది ఎక్కువ కాలం మన్నుతుంది, ఊళ్లోని నేతగాడికి అన్నం పెడుతుంది. పొదుపు అంటే అదే: కావాల్సింది కొనడం, అక్కర్లేనిదాన్ని ధైర్యంగా వద్దనడం.

ఇక ఆలస్యం చేయకండి. ఈ వారమే ఇంట్లో అందరూ కూర్చుని నాలుగు పనులు చేయండి.

ఒకటి: ఒక కాగితం మీద అప్పులన్నీ రాయండి. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఇంకా ఎన్ని వాయిదాలు. భర్త చేసిన అప్పు భార్యకు, భార్య తెచ్చిన గ్రూపు లోను భర్తకు తెలియాలి. దాచిన అప్పే ఇంటిని కూలుస్తుంది.

రెండు: ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చండి. అది తీరేదాకా కొత్త వాయిదా ఏదీ మొదలుపెట్టకండి. పాత ఫోను పనిచేస్తుంటే అదే చాలు.

మూడు: వచ్చిన రోజే తీసి పెట్టండి, మిగిలితే దాద్దామనుకోకండి. రోజుకు 20 రూపాయలు ఏడాదికి 7,300. వేట బాగా పడిన రోజు పదో వంతు. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతో రికరింగ్ డిపాజిట్ తెరవచ్చు. బ్యాంకులో దాచిన డబ్బుకు ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. రెండు నెలల తిండి ఖర్చు పోగయ్యేదాకా ఆ డబ్బును పండుగ కోసమైనా ముట్టకండి. అది తుపాను నాటి డబ్బు.

నాలుగు: మీ హక్కులు తెలుసుకోండి. అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ మొత్తం ఖర్చును వార్షిక శాతంగా చూపే ముఖ్య వివరాల పత్రాన్ని మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అడిగి తీసుకోండి, చదివించుకోండి. మైక్రోఫైనాన్స్ అప్పుకు తాకట్టు పెట్టనక్కర్లేదు. ముందే తీర్చినా జరిమానా లేదు. ఆ అప్పు వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ ఫోనులోని పేర్లు, ఫొటోలు చూస్తానని అడిగే అప్పు యాప్‌ను అప్పటికప్పుడే తీసేయండి. మోసపోతే సిగ్గుపడి ఊరుకోకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అదే 1999 అక్టోబర్ చివర్లో వచ్చిన సూపర్ సైక్లోన్‌లో ఒడిశా దాదాపు పదివేల మందిని పోగొట్టుకుంది. 2013లో ఫైలిన్ ముంచుకొస్తున్నప్పుడు మాత్రం గాలి మొదలవకముందే లక్షల మందిని షెల్టర్లకు తరలించారు. చనిపోయినవారి సంఖ్య పదుల్లోనే ఆగింది. తుపాను బలం తక్కువై కాదు, ముందే కదలడం వల్ల. ఇల్లు వదిలి వెళ్లడం ఆ రోజు నామోషీ కాలేదు.

అదే తెలివి ఇప్పుడు ఖర్చులో కావాలి. 'ఈసారి మేం అంత చేయలేం' అని చుట్టాలకు చెప్పడంలో నామోషీ లేదు. అమ్మా, అక్కా, అన్నా, వచ్చే దసరాకు ముందే మీ ఇంటి లెక్క చూసుకోండి. గాలి మొదలయ్యాక పరుగెత్తితే షెల్టరు తలుపు అందదు.