కొలవని చోట సున్నా రాయకండి

కొలిస్తే ఏమీ లేకపోవడం వేరు, అసలు కొలవకపోవడం వేరు. ఈ తేడా శ్రీరాంపూర్ బొగ్గు బాయిల్లో గ్యాస్ చూసే ఏ మైనింగ్ సర్దార్‌ని అడిగినా చెప్తాడు. గ్యాస్ చూడకుండా రిజిస్టర్‌లో సున్నా వేస్తే దాన్ని పొరపాటు అనరు, నేరం అంటారు. అదే పని కంప్యూటర్‌లో చేస్తే డేటా శుభ్రం చేశామంటున్నాం. ఈ అలవాటును ఇంకా సహించకూడదు.

బాయిలో ఎక్కడా మీథేన్ 1.25 శాతం దాటకూడదని బొగ్గు గనుల నిబంధన. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అది పేలుతుంది. ఒక సెన్సర్ కేబుల్ తెగిందనుకుందాం. రీడింగులు రాలేదు, ప్రోగ్రామ్‌కు ఖాళీ మాత్రిక అందింది. 'అన్నీ 1.25 లోపేనా?' అని మాట్‌లాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఆల్ ఫంక్షన్‌ని అడిగితే అవునంటుంది. 'అన్నిటికన్నా పెద్దది 1.25 దాటిందా?' అని తిప్పి అడిగినా లాభం లేదు. ఖాళీకి మ్యాక్స్ ఖాళీయే, దాన్ని ఇఫ్‌లో పెడితే దాటలేదనే లెక్క. సగటు అడిగితే నాన్ (సంఖ్య కాదు అని అర్థం) వస్తుంది, అదీ 1.25 దాటదు. మూడు దారుల్లోనూ అలారం మోగదు. పైథాన్ నమ్‌పైలో మాత్రం ఖాళీకి మ్యాక్స్ అడిగితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్‌ని తిట్టుకోకండి, ప్రాణం కాపాడేది అదే.

గణితాన్ని నిందించడం మాత్రం అన్యాయం. ఖాళీ జాబితాలో హద్దు దాటినది ఒక్కటీ లేదు కాబట్టి 'అన్నీ లోపే' అన్నది నిజమే. ఖాళీ మొత్తం 0, ఖాళీ లబ్ధం 1. వీటిని మారిస్తే జాబితాను రెండు ముక్కలు చేసి కలిపినప్పుడు లెక్క కుదరదు. పేరొక్కటీ ఎక్కని మస్టర్ బుక్కుకైనా గడులుంటాయి. అలాగే 0×3 మాత్రికకు మూడు నిలువు వరుసలుంటాయి. గణితవేత్త కార్ల్ డి బోర్ 1990లోనే ఈ నియమాలు తేల్చి రాశాడు. అయినా సాఫ్ట్‌వేర్లు దారికి రాలేదు. మాట్‌లాబ్‌లో 0×3కి నిలువు మొత్తాలు అడిగితే మూడు సున్నాలొస్తాయి. 0×0కి అసలేమీ రాకూడదు, కానీ ఒక సున్నా వస్తుంది. ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు దేశమంతా నేర్పిన సైలాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఐదో వెర్షన్ దాకా ఖాళీకి 1 కలిపితే 1 వచ్చేది! ఏమీ లేని చోట సంఖ్య పుట్టించడం కన్నా పెద్ద అబద్ధం ఏముంటుంది?

అసలు తప్పు మనం ప్రశ్నలడిగే వరుసలో ఉంది. 'బాగుందా?' అనే ముందు 'ఉందా?' అని అడగాలి. లెక్చరర్లారా, ఖాళీ కనబడగానే సున్నా నింపమని చెప్పకండి. ఎర్రర్ రాలేదన్న ఒక్క కారణంతో ల్యాబ్ రికార్డు మీద సంతకం పెట్టకండి.

గోదావరిఖని, మంచిర్యాల, మంథనిలో చదువుకునే పిల్లలారా, మీ నాన్నలు, అన్నలు దిగే బాయిల రీడింగులు రేపు మీరు రాసే ప్రోగ్రామ్‌ల చేతికే రావచ్చు. రీడింగులు ఉన్నాయో లేదో మొదటి వరుసలోనే చూడండి. లేకపోతే ప్రోగ్రామ్ 'తెలియదు' అని గట్టిగా చెప్పాలి, అలారం మోగించాలి. కొలత లేకుండా భద్రత ఉందని చెప్పే ప్రోగ్రామ్‌ను బాయి దరిదాపుల్లోకి రానివ్వకండి.