జ్వరం దిగగానే సైకిలెక్కవద్దు, అలాగని సైకిలు మానవద్దు

వానలు మొదలైతే దవాఖానాలో ఎక్కువగా వినబడే ప్రశ్న ఒకటుంది. "హకీం సాబ్, జ్వరం పోయింది కదా, రేపటి నుంచి సైకిలు తొక్కొచ్చా?" పాలు పోసేవారు, ఊళ్లు తిరిగి బట్టలు అమ్మేవారు, కాలేజీ పిల్లలు, పొద్దున్నే నాలుగు మైళ్లు తొక్కడం అలవాటైన పెద్దలు, అందరిదీ ఇదే మాట. ఇంట్లోవారు కూడా థర్మామీటరు 98.6 చూపితే చాలు, జబ్బు పోయిందనే అనుకుంటారు. ఈ లెక్క తప్పని నా అభిప్రాయం.

యునానీ వైద్యంలో జబ్బు తగ్గాక వచ్చే నీరసపు రోజులకు ప్రత్యేకంగా ఒక పేరుంది, నఖాహత్. ఆరోగ్యం, రోగం కాక మూడో స్థితి ఒకటి ఉందని జాలీనూస్ చెప్పాడు. కోలుకుంటున్న మనిషి ఆ స్థితిలోనే ఉంటాడు. రోగం వెళ్లిపోయి ఉంటుంది, బలం మాత్రం ఇంకా తిరిగి రాలేదు. తబియత్, అంటే ఒంటిని నడిపే శక్తి, అప్పుడు మరమ్మతు పనిలో ఉంటుంది. ఆ శక్తిని లాగి పెడలు మీద పెడితే మరమ్మతు ఆగిపోతుంది.

నేటి వైద్యం చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి నిమిషానికి దాదాపు 10 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. అంటే మంచం మీద పడుకున్నా గుండె పని చేస్తూనే ఉందన్నమాట. కొన్ని వైరస్ జ్వరాల్లో గుండె కండరానికే వాపు రావచ్చు. అలాంటప్పుడు బలంగా తొక్కితే ప్రాణం మీదికి వస్తుంది. డెంగీలోనైతే జ్వరం దిగే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. 2020, 2021లలో కోవిడ్ వచ్చి తగ్గినవారిలో ఎందరో కాస్త శ్రమ పడితే మర్నాడు లేవలేకపోవడం మనమంతా చూశాం.

అయితే రెండో తప్పు కూడా ఉంది. నాలుగు రోజుల జ్వరానికి నెల రోజులు మంచం దిగనివ్వని ఇళ్లు నాకు తెలుసు. మన వైద్యం ఆరోగ్యానికి తప్పనివని చెప్పిన ఆరు విషయాల్లో ఒంటి కదలిక, విశ్రాంతి రెండూ కలిపి ఒకటిగా ఉన్నాయి. ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటే లాభం లేదు. కదలకపోతే కండ కరుగుతుంది, ఆకలి చస్తుంది, మలబద్ధకం వస్తుంది. చదును రోడ్డు మీద మెల్లగా తొక్కే సైకిలు మంచి రియాజత్. ఒంటి బరువు సీటు మీద ఉంటుంది కాబట్టి మోకాళ్లకు పరుగంత భారం ఉండదు.

మరి ఎప్పుడు ఎక్కాలి? జ్వరం మాత్ర వేసుకోకుండా రెండు రోజులు పూర్తిగా జ్వరం లేకుండా గడవాలి. ఆకలి, నిద్ర తిరిగి రావాలి. 20 నిమిషాలు నడిచినా ఆయాసం రాకూడదు. పొద్దున మంచం దిగకముందు నబ్జ్ చూసుకోండి. మీ మామూలు లెక్క కన్నా 10 ఎక్కువగా ఉంటే ఆ రోజు సైకిలు జోలికి పోవద్దు.

మొదటి రోజు 10 నిమిషాలు చాలు. ఎండ ఎక్కకముందే వెళ్లండి, పరగడుపున మాత్రం వద్దు. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే దిగి నడవండి. మర్నాడు ఒళ్లు తేలికగా ఉంటే రెండు రోజులకోసారి 5 నిమిషాలు పెంచండి. యానాంలో గోదావరి ఒడ్డున ఉన్నవారికి రోడ్డు చదును. హోసూరు వైపువారు ఎత్తు రోడ్లను చివరికి ఉంచుకోండి. బళ్లారి, షోలాపూరువారు ఎండ చూసుకోండి. క్యారియర్ మీద మూట, వెనుక సీటు మీద పిల్లవాడు అన్నిటికన్నా చివర. వారం రోజులు మూలన ఉన్న సైకిలుకు ముందు గాలి కొట్టించి, చైనుకు నూనె వేయండి. గాలి తగ్గిన టైరు బలహీనుడి చేత రెట్టింపు పని చేయిస్తుంది.

తిండి తేలికగా, తక్కువ తక్కువగా నాలుగైదు సార్లు పెట్టండి. ఆషే జౌ అనే బార్లీ జావ, పెసరపప్పు ఖిచిడీ, కొవ్వు తీసిన యఖ్నీ మంచివి. జ్వరం దిగిన సంతోషంలో బిర్యానీ పెట్టవద్దు. ఖమీరాలు బలానికి వాడతాం, కాని వాటిలో పంచదార ఉంటుంది. షుగరు ఉన్నవారు అడగకుండా కొని తినకూడదు.

ఇంకొక మాట స్పష్టంగా చెబుతున్నాను. తొక్కుతుంటే ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, పడుకున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఖమీరా కోసం నా దగ్గరికి రావద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించండి. డెంగీ, టైఫాయిడ్, కామెర్లు, న్యుమోనియా తగ్గినవారు వైద్యం చేసిన డాక్టరును అడిగాకే సైకిలెక్కాలి.

"సైకిలెక్కకపోతే పొయ్యి వెలగదు, హకీం సాబ్" అనేవారికి ఏం చెప్పాలి? ఈ ప్రశ్న మందుతో తీరేది కాదు, ఇంటివారితో తీరేది. అన్నకు జ్వరం వస్తే వారం రోజులు ఆ పాల కేను తమ్ముడు మోయాలి. బట్టల మూట కొడుకు సెలవు రోజున తీసుకెళ్లాలి. షాపు యజమాని బయటి తిరుగుడు మాన్పించి కూర్చునే పని ఇవ్వాలి. తొందరపడి ఎక్కి జ్వరం తిరగబెట్టించుకుంటే పోయేది వారం కాదు, నెల. ఆ ఖర్చూ ఇంటిదే. కాబట్టి "జ్వరం పోయిందిగా, ఇంకా పడుకున్నావేం?" అనే మాట మన ఇళ్లలో మానేయాలి. జబ్బు రోజులను లెక్కపెట్టేటప్పుడు నఖాహత్ రోజులను కూడా అందులోనే కలపండి.