కొట్టించే ముందు ఒక్క మాట

వెంకటాచలంలో మా ఇంటి ముందు వేపచెట్టుంది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి కొమ్మ విరిగి రేకుల మీద పడింది. అప్పట్నుంచి నాన్నది ఒకటే మాట, "కొట్టించేద్దాం." తప్పు చెట్టుదా? తీగలకు తగులుతోందని ఒకవైపంతా నరికించింది మేమే. బరువంతా రెండోవైపుకి పోయాక గాలికి ఆగుతుందా!

కొమ్మ తీయడానికీ పనితనం కావాలి. ముందు కింది నుంచి గాటు పెట్టాలి, లేకపోతే బెరడు చీరుకుంటూ మాను దాకా పోతుంది. తర్వాత కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుని ముట్టుకోకుండా కోయాలి. గాయం మూసుకునేది అక్కణ్ణుంచే.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పడితే 2018లో సెలైన్ సీసాలతో మందెక్కించారు. మన వేపకి అంత అక్కర్లేదు. అక్టోబర్ వానలకు ముందే పని తెలిసిన మనిషిని పిలిస్తే చాలు. ఏసీ సర్వీసింగ్‌కి ఏటా డబ్బులిస్తాం, దీనికి మాత్రం గొడ్డలే గుర్తొస్తుంది. ఒక్క ఏడాది ఆగమని నాన్నని అడిగా. ఇంకా ఏమీ అనలేదు.