దాడి ఒకరిపై.. దెబ్బ చిన్న వ్యాపారులకు!

దుకాణం గుమ్మం నిండా ఉత్తుత్తి జనాన్ని నింపేస్తే అసలు కొనేవాళ్లు లోపలికెలా వస్తారు? ‘డినయల్ ఆఫ్ సర్వీస్’ దాడి అంటే అదే. 2000 ఫిబ్రవరిలో యాహూ, ఈబే, అమెజాన్ సైట్లను ఇలా కుదేలు చేసింది మాంట్రియల్‌కు చెందిన 15 ఏళ్ల కుర్రాడే! అప్పట్లో అది గొప్ప కోసం. ఇప్పుడది డబ్బు గుంజే దందా.

2021 సెప్టెంబరులో కెనడాలోని ఇంటర్నెట్ ఫోన్ సంస్థ వీఓఐపీ డాట్ ఎంఎస్‌పై దాడి రోజుల తరబడి సాగింది. బిట్‌కాయిన్లు ఇస్తేనే ఆపుతామని బెదిరించారు. ఈ సంస్థ లైన్లనే నమ్ముకున్న చిన్న వ్యాపారుల ఫోన్లు మూగబోయాయి. వాళ్లనెవరూ గురిపెట్టలేదు, అయినా ఆర్డర్లు పోయేది వాళ్లకే.

ఇక్కడ మనవాళ్లు కిరాణా, టిఫిన్ సెంటర్, ట్రక్కుల వ్యాపారం ఏది పెట్టినా ఫోను, వెబ్‌సైటే ఆధారం. పెద్ద సర్వర్ కొంటే సరిపోతుందనుకోవడం భ్రమే. వరదను ఊరి బయటే మళ్లించాలి, ఇంటి తలుపు దగ్గర కాదు. అంటే దొంగ ట్రాఫిక్‌ను మన సర్వర్ దాకా రానివ్వకుండా సర్వీసు ఇచ్చే కంపెనీయే వడగట్టాలి. ఆ రక్షణ ఉందా? దాడి జరిగితే మన సైటునే కట్ చేస్తారా? పెరిగిన బిల్లు ఎవరిది? అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? సంతకం పెట్టకముందే అడగండి. వేరే కంపెనీ నంబరు ఒకటి కూడా దగ్గరుంచుకోండి.

అన్నట్టు, 2016లో అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను ఆపేసిన ‘మిరాయ్’ దాడికి వాడుకున్నది ఇళ్లలోని కెమెరాలు, రౌటర్లనే. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకపోవడమే వాటి లోపం. మీ ఇంట్లోది మార్చారా?