చలి లేని ఊళ్ళో కోల్డ్ స్టార్టు

మా చీరాలలో చలి అనే మాటను కాస్త ఉదారంగానే వాడుతాము. ధనుర్మాసపు తెల్లవారుజామున సైతం ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. అయినా మఫ్లరు చుట్టుకోనిదే వాకిట్లోకి రాము. ఇటువంటి ఊళ్ళో ఉదయం పూట నా కారు స్టార్టు కావడం లేదని చెబితే, "చలికండీ మాస్టారూ, కోల్డ్ స్టార్టు ప్రాబ్లం, ఎండెక్కితే అదే సర్దుకుంటుంది" అన్నాడు మెకానిక్కు. నమ్మాను. ఆ నమ్మకానికి మూడు నెలల కాలాన్నీ, పింఛనులోంచి 12,000 రూపాయలకు చేరువైన సొమ్మునూ చెల్లించుకున్నాను. కనుక ఈ విషయమై నాలుగు మాటలు చెప్పే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

ముందు ఆ మాట సంగతి. కోల్డ్ స్టార్టు అన్నప్పుడు 'కోల్డ్' అన్నది వాతావరణానికి విశేషణం కాదు, ఇంజనుకు విశేషణం. రాత్రంతా కదలకుండా ఉండి, లోపలి వేడి పూర్తిగా చల్లారిన ఇంజనును మొదటిసారి కదిలించడమే కోల్డ్ స్టార్టు. రోహిణి కార్తెలో వడగాడ్పులు కొడుతున్నా ఉదయం తొలిసారి తాళం తిప్పితే అది కోల్డ్ స్టార్టే. విశేషణాన్ని తప్పు విశేష్యానికి అంటగట్టడంతో రోగం పేరు తెలిసింది గాని రోగం తెలియలేదు. జీవితమంతా పిల్లల అన్వయదోషాలు దిద్దినవాణ్ణి, ఇక్కడ మాత్రం పసిగట్టలేకపోయాను.

నా బండి 2004 నాటి మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సి.సి., పెట్రోలు ఇంజక్షను రకం. దానికి ముందు తరం బండ్లలో కార్బురేటరూ, చోక్ అనే మీటా ఉండేవి. పెట్రోలు ఆవిరి అయితేగాని సరిగా మండదు. చల్లని లోహానికి తగిలినది తుంపరలుగానే మిగిలిపోతుంది. అందుచేత మొదటి క్షణాల్లో కాస్త ఎక్కువ పెట్రోలు కావాలి. చోక్ లాగి ఆ ఎక్కువను మనమే ఇచ్చేవాళ్ళం. ఇంజక్షను బండిలో ఆ నిర్ణయం కంప్యూటరుది. కాని కంప్యూటరుకు కళ్ళు లేవు, చర్మం లేదు. ఇంజను చుట్టూ తిరిగే నీటిలో మునిగి ఉండే చిటికెన వేలంత సెన్సారు ఒకటి చెప్పిన మాటే దానికి ప్రమాణం. ఆ సెన్సారు విద్యుత్తుకు కలిగించే నిరోధం చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కినకొద్దీ తక్కువ. 20 డిగ్రీల వద్ద రెండు వేల ఓములకు పైచిలుకుగా ఉండేది, 80 డిగ్రీలకు వచ్చేసరికి మూడు వందల దరిదాపులకు దిగుతుంది. ఆ అంకెను చూసి కంప్యూటరు పెట్రోలు కొలుస్తుంది.

నా బండి లక్షణాలు ఇవి. ఉదయం తాళం తిప్పితే ఇంజను చురుగ్గానే తిరిగేది, కాని అందుకునేది కాదు. నాలుగైదు సార్లకు పెట్రోలు వాసన గుప్పుమనేది. ఎప్పటికో అందుకుంటే వెనుకనుంచి నల్లని పొగ. పైగా లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చే బండి 13కు దిగింది.

మొదటి మెకానిక్కు ప్లగ్గులు విప్పి, నల్లగా ఉన్నాయని మూడూ మార్చాడు. పది రోజుల్లో కొత్తవీ నల్లబడ్డాయి. అవి ఎందుకు నల్లబడ్డాయని అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. రెండో ఆయన బ్యాటరీ మార్పించాడు. ఇంజను చురుగ్గా తిరుగుతున్నప్పుడు బ్యాటరీని అనుమానించడమేమిటని ఇప్పుడు అనిపిస్తున్నది. బలహీనపడిన బ్యాటరీ అయితే తిరగడమే నీరసంగా, మూలిగినట్లు తిరుగుతుంది. మూడో చోట ట్యాంకులోని పంపు పోయిందన్నారు. అదీ మారింది. డ్యాష్‌బోర్డు మీది ఇంజను దీపం వెలగడం లేదు గనుక కంప్యూటరు వైపు లోపమే లేదని ముగ్గురూ ముక్తకంఠంతో తీర్మానించారు.

ఈలోగా ఒకనాటి తెల్లవారుజామున మా ఆవిడను కంటి శుక్లం ఆపరేషనుకు గుంటూరు తీసుకువెళ్ళవలసి ఉన్నది. ఉదయం 5 గంటలకు బయలుదేరాలి. అయిదున్నర దాకా తాళం తిప్పుతూనే ఉన్నాను. ఆమె ఖాళీ కడుపుతో చీర కుచ్చెళ్ళు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నది. చివరికి అద్దె కారు దొరికి వెళ్ళేసరికి ఆనాటి వరుస దాటిపోయింది. ఆపరేషను మరో వారానికి పడింది. డబ్బు పోయినందుకు కలగని కోపం ఆనాడు కలిగింది.

ఆ తరువాత వచ్చినవాడు ఆటో ఎలక్ట్రీషియను, పాతికేళ్ళు నిండని కుర్రవాడు. బానెట్టు తెరవకుండానే ప్రశ్నలు వేశాడు. మధ్యాహ్నం వేడి మీద ఆపి మళ్ళీ తిప్పితే అందుకుంటున్నదా? తాళాన్ని స్టార్టు దాకా తిప్పకుండా రెండు మూడు సార్లు వేసి ఆపి, అప్పుడు తిప్పితే తేడా ఉన్నదా? ఆక్సిలరేటరు అడుగంటా తొక్కి తిప్పితే?

వీటిలో ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క తలుపు. తాళం వేసిన ప్రతిసారీ పంపు రెండు సెకన్లపాటు తిరిగి గొట్టంలో ఒత్తిడి నింపుతుంది. అలా రెండు మూడు సార్లు చేస్తే అందుకునే బండికి రాత్రిపూట ఆ ఒత్తిడి ఎక్కడో కారిపోతున్నదని అర్థం. నా బండికి దానివల్ల తేడా లేదు. పంపు మార్చక ముందే ఈ పరీక్ష చేసి ఉంటే ఆ ఖర్చు తప్పేది. ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కితే చాలా ఇంజక్షను బండ్లలో స్టార్టు చేసే వేళ కంప్యూటరు పెట్రోలు ఆపివేసి గాలిని మాత్రమే పోనిస్తుంది. అలా చేస్తే నా బండి అందుకున్నది! అంటే లోపం పెట్రోలు చాలక కాదు, ఎక్కువై. కొద్దిగా తొక్కి పట్టుకుంటేనే నిలిచి, వదలగానే ఆగిపోయే బండి అయితే అది మరొక కథ. గాలి దారిలో మసి పేరుకున్నదేమో చూడాలి.

కుర్రవాడు సెన్సారు ప్లగ్గు ఊడదీశాడు. లోపల పిన్నుల మీద పచ్చటి చిలుము. వాడరేవు గాలి మా ఊళ్ళో కిటికీ చువ్వలనే తినేస్తుంది, ఈ సన్నని రాగి ఎంత? మల్టీమీటరు పెడితే సెన్సారు తన నిరోధం సరిగానే చెబుతున్నది. చిలుము తన వంతు కలిపి, ఆ అంకెను రెట్టింపు చేసి కంప్యూటరుకు అందిస్తున్నది. 22 డిగ్రీల చీరాల ఉదయాన్ని అది ఏ సిమ్లాగానో భావించి పెట్రోలు గుమ్మరిస్తున్నది. తీగ పూర్తిగా తెగి ఉంటే అసంభవమైన అంకె వచ్చేది, దీపం వెలిగేది. నమ్మశక్యమైన అబద్ధం కనుక పట్టుబడలేదు. కొత్త ప్లగ్గుకూ, కూలికీ కలిపి 350 రూపాయలు.

ఆయుర్వేదంలో రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడు విధాల పరీక్షించమన్నారు. మన గ్యారేజీల్లో మొదటి రెండూ పుష్కలంగా ఉన్నాయి. మూడోదానికి తీరిక లేదు. దోషం వారొక్కరిదే అనను. బండి అప్పగించి బెంచీ మీద పేపరు చదువుకునే నాబోటివాడు, ఎప్పుడు అందుకుంటున్నది, ఎప్పుడు లేదు అని నాలుగు రోజులు కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే, ప్లగ్గులతోనే కథ ముగిసేది. జాండ్రపేటలో మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడు పడుగంతా కోసి కొత్తది ఎక్కించడు. తెగిన పోగు ఎక్కడిదో వెదికి ముడి వేస్తాడు.

ఇప్పుడు ప్రతి దానికీ ఇథనాలు మీద నింద వేయడం మరొక సులువైన దారి అయింది. 2025 నాటికి పెట్రోలులో దాని వంతు 20 శాతానికి వచ్చింది. పాత బండ్ల రబ్బరు గొట్టాలకు, సీళ్ళకు దానివల్ల చేటు కలుగుతుందన్న భయం నిరాధారం కాదు. కాని లెక్క చూడండి: లీటరు ఇథనాలులోని వేడి లీటరు పెట్రోలులోని దానికంటే సుమారు మూడోవంతు తక్కువ, అయిదో వంతు కలిపినందుకు తగ్గవలసినది ఏడు శాతం లోపే. నా బండికి తగ్గినది నాలుగో వంతుకు దగ్గర. ఆ మిగిలినదానికి సంజాయిషీ ఎవరు చెప్పాలి?

రెండో కంటికి గుంటూరు వెళ్ళిన రోజున తాళం మొదటి తిప్పుకే బండి అందుకున్నది. విప్పి తీసిన పాత పంపూ, బ్యాటరీ తాలూకు రసీదూ, మూడు ప్లగ్గులూ అటక మీద సంచిలో ఉన్నాయి. పారవేయనివ్వడం లేదు మా ఆవిడ. ఇకమీదట ఎవరైనా ఏదైనా మారుద్దామంటే ముందు ఆ సంచి దింపి చూపించమంటున్నది.