కనెక్షన్ పోతే ఓడినట్టేనా?

ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే తొలిసారి ఆన్‌లైన్‌లో నిర్వహించిన ఒలింపియాడ్ ఫైనల్లో, 2020 ఆగస్టు 30న, భారత్, రష్యా తలపడ్డాయి. మొదటి రౌండులో ఆరు బోర్డులూ డ్రా. రెండో రౌండు మధ్యలో పలు దేశాల్లో ఇంటర్నెట్ స్తంభించింది. నిహాల్ సరిన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల కనెక్షన్లు తెగిపోయాయి. గడియారాలు మాత్రం ఆగలేదు. సమయం అయిపోయి ఇద్దరూ ఓడారు, రష్యా గెలిచిందన్నారు. భారత్ అప్పీలు చేసింది. చివరికి ఫిడే అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించారు.

ఈ తీర్పు మన దేశంలో అందరికీ నచ్చింది. ఆర్మేనియాలో నచ్చి ఉండదు. ఎందుకంటే అదే టోర్నీ క్వార్టర్ ఫైనల్లో, అదీ భారత్‌పైనే ఆడుతూ, ఆర్మేనియా కుర్రాడు హైక్ మార్తిరోస్యాన్ కనెక్షన్ పోగొట్టుకుని ఓడిపోయాడు. అప్పీలు చేస్తే తోసిపుచ్చారు. ఆర్మేనియా రెండో రౌండు ఆడకుండా తప్పుకుంది, భారత్ సెమీస్‌కు చేరింది. ఒకటి ఒక్క ఆటగాడి ఇబ్బంది, రెండోది అంతర్జాతీయ అంతరాయం కాబట్టి రెండు తీర్పులకూ సమర్థన ఉంది. కానీ తెర ముందు కూర్చున్న కుర్రాడికి తెగింది తన వీధిలో తీగా, సముద్రం అవతలి సర్వరా అన్నది ఏం తెలుస్తుంది? నిబంధన తేల్చలేని చోట విచక్షణాధికారం పుట్టుకొస్తుంది. మన గవర్నర్ల వ్యవహారం చూసినవారికి ఇది కొత్త సంగతేం కాదు.

ఆన్‌లైన్ ద్వంద్వ పోటీకి పద్ధతి ఖరారు చేయడమంటే ఇలాంటి తగవులను ముందే ఊహించడం. అన్నిటికంటే చిక్కు సమయంతో. గంటల తరబడి సాగే సంప్రదాయ చదరంగాన్ని ఎవరి ఇళ్లలో వారిని కూర్చోబెట్టి ఆడిస్తే, పక్కగదిలో కంప్యూటర్ సాయం తీసుకునే వీలు పెరుగుతుంది. సమయం తగ్గిస్తే మోసానికి తీరిక ఉండదు. మరీ తగ్గిస్తే ఎత్తు కంటే మౌస్ వేగం గెలుస్తుంది. 2020 ఒలింపియాడ్‌లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ అదనంగా 5 సెకన్లు ఇచ్చారు. గెలిచే స్థితిలో ఉన్నవాడు కేవలం గడియారం వల్ల ఓడిపోకూడదని బాబీ ఫిషర్ 1980ల చివర్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచకప్‌లో దీన్ని పక్కనబెట్టారు. పది నిమిషాలు, అంతే, అదనంగా సెకను కూడా లేదు. ఉత్కంఠ పండింది, చివరి క్షణాల్లో పావులు గందరగోళంగా కదిలాయి. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి అక్కడ నాలుగో స్థానంలో నిలిచాడు. కాకపోతే అక్కడ ఆటగాళ్లంతా ఒకే వేదికపై కూర్చున్నారు, ఎవరింటి కనెక్షన్‌తోనూ పనిలేదు.

2020 పద్ధతిలో మెచ్చుకోవలసింది జట్టు కూర్పు. మామూలు ఒలింపియాడ్‌లో మహిళలకు విడిగా పోటీ ఉంటుంది. ఇక్కడ ఆరు బోర్డుల్లో మూడు మహిళలవి: ఇద్దరు సీనియర్లు, ఒక జూనియర్. ఆ లెక్క ఎంత దూరం వెళ్లిందో సెమీఫైనల్లో తేలింది. పోలండ్‌తో చెరో రౌండు గెలిచి సమమయ్యాక మిగిలింది ఒక్క ‘ఆర్మగెడాన్’ ఆట. ఇందులో తెల్లపావులకు సమయం ఎక్కువ, నల్లపావులకు తక్కువ. కానీ డ్రా అయితే నల్లపావులే గెలిచినట్టు. ఆరుగురి శ్రమను ఒక్క ఆటకు కుదించడం క్రూరమే. కోనేరు హంపి ఆ ఆటలో మోనికా సోకోను ఓడించింది.

కళాశాలలు, జిల్లా సంఘాలు కూడా ఇప్పుడు ఇలాంటి పోటీలు పెడుతున్నాయి. వారికి తేలిగ్గా తోచేది నాకౌట్: ఓడినవాడు ఇంటికి. కరెంటు పోతే రౌటరూ పోయే ఊళ్లలో ఇది ఆటకంటే ముందు విద్యుత్ శాఖను పరీక్షిస్తుంది. సమాన పాయింట్లున్న వారినే మళ్లీ జతచేసే స్విస్ పద్ధతిలోనైతే ఒక ఆట పోయినా ఒక పాయింటే నష్టం, సాయంత్రానికి కోలుకోవచ్చు. రెండుసార్లు ఓడితేగాని బయటకు పంపని డబుల్ ఎలిమినేషన్ కూడా మేలే. దేనికైనా ఆటలు పెరుగుతాయి, అదనంగా ఒక పూటో రోజో పడుతుంది. ఆదివారం సాయంత్రానికల్లా ఫైనల్ ముగియాలనే స్పాన్సర్‌ను ఒప్పించాల్సింది అక్కడే.