సెన్సరీ సమస్యలున్న పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపీ: చిలమత్తూరు సభ తీర్మానం

శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరులో సమావేశమైన తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల సభ ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం.

సభ గమనించినది: బడి గంటకు చెవులు మూసుకునేవారు, సంగటి ముద్ద నాలుకకు తగిలితే కక్కుకునేవారు, చొక్కా కాలరు ఓర్చుకోలేనివారు, దెబ్బ తగిలినా తెలియనట్టు తిరిగేవారు మన పిల్లల్లో ఉన్నారు. వీరిలో చాలామందికి ఇన్నాళ్లూ దక్కినవి మొండి అన్న పేరు, మెడలో తాయెత్తు.

సభ గుర్తించినది: స్పర్శ, శబ్దం, ఒంటి సమతూకం వంటివాటి నుంచి అందే సమాచారాన్ని మెదడు సర్దుకోలేకపోవడం (సెన్సరీ సమస్య) గురించి అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏయర్స్ 1972లోనే పుస్తకం రాశారు. మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే 2013 నాటి అమెరికా గ్రంథం డీఎస్‌ఎం-5 ఈ లక్షణాలను ఆటిజంలో చేర్చింది గానీ విడి జబ్బుగా లెక్కించలేదు. ఈ సమస్యలకు ఆక్యుపేషనల్ థెరపిస్టులు చేసే సెన్సరీ చికిత్సకు ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో సూచించింది. కనుక ఎవరో ‘సెన్సరీ’ అన్నంత మాత్రాన చికిత్సకు పరుగెత్తరాదు. ఆటిజమా, ఏడీహెచ్‌డీనా, వినికిడి లోపమా అన్నది ముందు పిల్లల డాక్టరు తేల్చాలి. థెరపీ దేనికోసమో, అంటే అన్నం తినడానికా, చొక్కా తొడుక్కోవడానికా, తరగతిలో కూర్చోవడానికా అన్నది మొదటిరోజే రాయించుకుని, కొన్ని నెలలకు సరిచూసుకోవాలి. మార్పు లేకుంటే ఎందుకు లేదని అడగడం తల్లిదండ్రుల హక్కు.

సభ విచారిస్తున్నది: 40 శాతం వైకల్య ధ్రువపత్రం లేదన్న మాటతో ఈ పిల్లలను వెనక్కి పంపుతున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ బడుల్లో కల్పించమన్న సౌకర్యాలకు ఆ శాతం షరతు లేదు. బడి పిల్లలను ఐదేళ్లకోసారి సర్వే చేయాలని 17వ సెక్షన్ చెబుతున్నది.

సభ మరింత విచారిస్తున్నది: కొడికొండ చెక్‌పోస్టు దాటి 44వ జాతీయ రహదారి పట్టుకుంటే చికిత్స దొరికే బెంగళూరు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. దగ్గరే అన్న మాట కారున్నవారికి చెల్లుతుంది. వారం వారం, నెలల తరబడి సాగే చికిత్సకు కూలి వదులుకుని పిల్లను చంకనేసుకుని వెళ్లడం ఏ తల్లికీ సాగదు.

సభ తీర్మానించినది: హిందూపురం జిల్లా ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టు సేవ పిల్లలకు క్రమం తప్పకుండా అందాలి. ఆ థెరపిస్టు వారానికి ఒక్కరోజైనా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రానికి రావాలి. ఫిజియోథెరపిస్టును పంపి పని అయిందనుకోరాదు. నడిపించడం వేరు, బొత్తాం పెట్టుకోవడం నేర్పడం వేరు.

బడులకు సంబంధించి తీర్మానించినది: ఇలాంటి పిల్లలను గంటకూ మైకుకూ దూరంగా కూర్చోబెట్టాలి, మధ్యాహ్న భోజనం రద్దీకి ముందే పెట్టాలి. దండించరాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది.

ఇళ్లకు సంబంధించి తీర్మానించినది: చీర ఉయ్యాల, రాగుల్లో చేతులాడించడం, నీళ్ల చెంబు మోయించడం థెరపిస్టు చూపిన మేరకు చేయించాలి. అలవాటవుతుందని సంగటి నోట్లో కుక్కడం, జాతర డప్పుల పక్కన నిలబెట్టడం మానాలి.

తుదిగా తీర్మానించినది: ఆక్యుపేషనల్ థెరపీ 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోని వృత్తి గనుక, డిగ్రీ చూపనివారి వద్దకు ఎవరినీ పంపరాదు. ఈ తీర్మానం ప్రతులను పుట్టపర్తిలోని జిల్లా కలెక్టరుకు, జిల్లా విద్యాశాఖాధికారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, సమగ్ర శిక్ష కార్యాలయానికి పంపి, రాతపూర్వకంగా జవాబు కోరాలి.